కారణం రాసే గడి

2019 మార్చి. వినుకొండకు ఇవతల ఒక చిన్న ఊరి ప్రభుత్వాసుపత్రిలో నాకు వారానికి ఒకరోజు డ్యూటీ ఉండేది. నేను క్లినికల్ సైకాలజిస్టుని. పేరు పెద్దదే గానీ అక్కడ నేను చేసే పని ఒక్కటే. బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉన్నవాళ్లను పరీక్షించి, లోపం ఎంత శాతమో తేల్చి, సర్టిఫికెట్ కోసం డాక్టర్ల బోర్డుకు కాగితం పంపడం. నల్లపాడులో పొద్దున పాసింజరెక్కితే తొమ్మిదింటికల్లా అక్కడ దిగేదాన్ని. ఆ నెలలో రైలుకు రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. పెట్టెలో ఎవరో ఒకరు తుమ్ముతూనే ఉంటారు.

మా గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, ఒక చెక్కపలక. ఆ పలకను ఫారం బోర్డు అంటాం. అందులో గుండ్రం, నలుచదరం, నక్షత్రం ఇలా పది ఆకారాల్లో గుంటలుంటాయి. వాటిలో సరిపోయే చెక్కముక్కల్ని ఎంత త్వరగా పెట్టగలరో చూస్తాం. మాటలు రానివాళ్లకు పనికొచ్చే పరీక్ష అది. దానితోపాటు, పిల్ల తనంతట తాను ఏమేం చేసుకోగలదో తల్లిని అడిగి రాసుకునే సోషల్ మెచ్యూరిటీ స్కేల్ అని ఇంకోటుంది. రెండూ కలిపితే ఐక్యూ, అంటే వయసుకు తగ్గ బుద్ధి ఎంతుందో చెప్పే అంకె, ఒకటి వస్తుంది. వచ్చినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే మాట, "ఎంత శాతం వచ్చిందండీ?" అని. పింఛను దానిమీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి వాళ్లు అలా అడగడంలో తప్పేమీ లేదు.

సైదాబీ ఒక్కతే ఆ మాట అడగలేదు.

ఆవిడకు యాభై దగ్గరపడి ఉంటాయి. దూదేకుల వాళ్లు. భర్త బాజీ ఊళ్లు తిరిగి పరుపులు కుట్టేవాడు. నాలుగేళ్ల కిందట ఛాతీ జబ్బుతో పోయాడు. ఆవిడ మిరపకోతకు వెళ్తుంది. ఆ రోజు కూతురు మీరాబీని పాత సర్టిఫికెట్ గడువు తీరిందని తీసుకొచ్చింది. మీరాబీకి ఇరవైమూడేళ్లు. చూస్తే పదేళ్ల పిల్లంత ఎత్తు. ముఖం ఉబ్బి ఉంది. ఆ ఎండలో, ఫ్యాను కింద మేమందరం చెమటలు తుడుచుకుంటుంటే, ఆ అమ్మాయి మెడ దాకా గుండీలు పెట్టుకున్న ఎర్ర ఉన్ని స్వెట్టర్ వేసుకుని కూర్చుంది.

పరీక్ష అయ్యింది. మీరాబీ పది చెక్కముక్కల్లో నాలుగు పెట్టగలిగింది. ఒక్కొక్క ముక్కను చాలాసేపు చేతిలో పట్టుకుని, నెమ్మదిగా, పలకకు నొప్పి కలుగుతుందేమో అన్నట్టు పెట్టింది. నేను ఫారం నింపుతుంటే సైదాబీ ముందుకు వంగి అడిగింది.

"అమ్మా, ఈసారి కారణం అన్న చోట ఏం రాస్తన్నారు?"

నాకు మొదట అర్థం కాలేదు. "ఏ కారణమండీ?"

"ఇది ఇట్టా ఎందుకు పుట్టిందో రాసే గడి ఉండిద్ది గదా. అది."

ఉంది. ఫారంలో ఏడో వరసలో. దాన్ని నేనెప్పుడూ ఆఖర్న, తల ఎత్తకుండా నింపేదాన్ని. ఆవిడ చేతిసంచిలోంచి పాలిథిన్ కవరు తీసింది. అందులో ఐదు కాగితాలు, మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉన్నాయి. ఆవిడకు చదువు రాదు. కానీ ఏ కాగితంలో ఏముందో ఎవరిచేతో చదివించుకుని గుర్తు పెట్టుకుంది. ఒక్కోటి బల్లమీద పెడుతూ చెప్పింది.

"ఇది పిల్లకి మూడేళ్లప్పుడు. మేనరికం వల్లన్నారు. ఆయన మా మేనమామ కొడుకే. ఇది ఇంకో డాట్టరు, పుట్టినప్పుడు ఊపిరాడలేదని రాశాడంట. ఇంట్లోనే పుట్టిందమ్మా, బాగానే పుట్టింది. ఇందులో మెదడువాపు జొరమని ఉంది. అట్టాంటి జొరమే రాలేదు దీనికి. ఇది పత్తికి కొట్టే మందుల వల్లని. కడుపుతో ఉన్నప్పుడు నేను పత్తిలో కలుపుకి పోయిన మాట నిజమే."

"వీటన్నిటికంటే ముందు మా అత్త చెప్పింది, గ్రహణమని," అంది. "ఆ రోజు కూడా కలుపుకే పోయా. ఇంట్లో పడుకోకుండా చేలో కొడవలి పట్టుకున్నావు, అందుకే పిల్ల ఇట్టా అయిందని అంది. దానికి కాగితం లేదు."

ఆవిడ ఇవన్నీ ఏడుస్తూ చెప్పలేదు. ఊరికి బస్సులు ఏయే వేళలకు ఉన్నాయో చెప్పినట్టు చెప్పింది. గ్రహణం మాట ఊళ్లో పాకిన తర్వాత, కడుపుతో ఉన్న ఆడవాళ్లు ఆవిడ ఎదురొస్తే పక్కసందులోకి తిరిగేవాళ్లు. మేనరికం కాగితం వచ్చిన నెలలోనే, ఆవిడ చెల్లెల్ని చిన్న మరిదికి చేసుకుందామనుకున్న సంబంధం అత్త మానుకుంది. చెల్లెల్ని ఒంగోలు అవతల ఎక్కడో ఇచ్చారు. ఆ చెల్లెలు తన పెళ్లి చెడటానికి అక్కే కారణమనుకుంది. ఇప్పటికీ మాట్లాడదు. పత్తిమందుల కాగితం వచ్చాక భర్త ఒక్కసారే అన్నాడట, "నేను వద్దన్నా గదా పనికి" అని. తర్వాత ఎప్పుడూ అనలేదట. "అనకపోయినా అన్నట్టే ఉండేదమ్మా ఇంట్లో," అంది సైదాబీ.

ఐదో కాగితం ఆవిడ బల్లమీద పెట్టాక చూశాను. కారణం: తెలియదు. కింద ఉన్న సంతకం నాది.

2016లో రాశాను. ఉద్యోగంలో చేరి రెండో ఏడు. ఆ తల్లీకూతుళ్లు వచ్చినట్టు నాకు గుర్తే లేదు. క్యాంపు రోజు అయ్యుంటుంది. క్యాంపులో ఒక్కొక్కరికి పది నిమిషాలు దొరికితే ఎక్కువ. సైదాబీకి మాత్రం నేను గుర్తున్నాను. "మీరొక్కరే తెలవదని రాశారు. అది విని ఆ రోజు నాకు కాస్త బాగనిపించింది," అంది.

నేను కలం పక్కన పెట్టి మీరాబీ వైపు చూశాను. ఆ అమ్మాయిని చూడటం నిజానికి అదే మొదటిసారి.

"ఈ స్వెట్టర్ ఎందుకు వేశారండీ ఇంత ఎండలో?"

"దానికెప్పుడూ చలేనమ్మా. రోహిణి కార్తెలో కూడా దుప్పటి కప్పుకునిద్ది. తీస్తే ఊరుకోదు."

చేయి పట్టుకున్నాను. చల్లగా, గరుకుగా, చేప పొలుసులా ఉంది. పేరు అడిగితే "మీ" అంది. గొంతు ముసలివాళ్ల గొంతులా బొంగురుగా ఉంది. మలబద్ధకం ఉందా అని అడిగితే, నాలుగు రోజులకోసారని తల్లి చెప్పింది. అప్పటికే నా మనసులో ఒక అనుమానం రూపం కట్టింది. ఇంకొక్కటి అడగాలి.

"పుట్టిన కొత్తలో ఎలా ఉండేదండీ?"

ఆ ప్రశ్నకు సైదాబీ ముఖం వెలిగింది. "బంగారం లాంటి పిల్లమ్మా. ఏడ్చేదే కాదు. ఎప్పుడూ నిద్రే. పాలు తాగేటందుకు నేనే లేపేదాన్ని. చుట్టుపక్కల పిల్లలు రాత్రిళ్లు ఏడుస్తంటే, నాకెంత మంచి పిల్ల పుట్టిందీ అనుకునేదాన్ని. ఒళ్లు మాత్రం రెండు నెలలు పచ్చగా ఉంది. పసిరికలని ఆకుమందు పోయించాం."

ఏడవని బిడ్డ, నిద్ర వదలని బిడ్డ, పచ్చదనం తగ్గని బిడ్డ. మా పాఠాల్లో ఈ మూడు మాటలూ ఒకే పేజీలో ఉంటాయి.

ఆ రోజు ఫారం నింపకుండా పక్కన పెట్టి, మా ఫిజీషియన్‌ను అడిగి రక్తపరీక్షకు చీటీ రాశాను. టీఎస్‌హెచ్ అని. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయకపోతే ఆ అంకె పెరుగుతుంది. వారం తర్వాత వచ్చిన అంకె చూసి ల్యాబ్ టెక్నీషియన్ పొరపాటనుకుని మళ్లీ చేశాడు. రెండోసారీ అంతే వచ్చింది. మా ఫిజీషియన్ మెడ స్కాన్ తీయించాడు. గ్రంథి ఉండాల్సిన చోట దాదాపు ఏమీ లేదు.

ఆయన నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. "ఇది పుట్టుకతో వచ్చిందే. కడుపులో ఉన్నప్పుడే గ్రంథి ఏర్పడలేదు. చాలామటుకు ఇది ఊరికే జరుగుతుంది. మేనరికమో మందులో అని చెప్పడానికి లేదు. పుట్టిన వారంలో మడమ నుంచి రెండు చుక్కల రక్తం తీసి చూసుంటే దొరికేది. రోజూ చిన్న మాత్ర వేస్తే సరిపోయేది. బళ్లోకి వెళ్లి అందర్లా చదువుకునేది."

"ఇప్పుడిస్తే?"

"ఒళ్లు తేలికపడుతుంది. చలి తగ్గుతుంది. మెదడుకు కావలసింది మాత్రం మొదటి రెండు మూడేళ్లలోనే కావాలి. అది వెనక్కి రాదు. తల్లికి మీరే చెప్పండి. మీరైతే బాగా చెప్తారు."

ఆ సాయంత్రం పాసింజరులో కిటికీ పక్కన కూర్చున్నాను గానీ ఏ స్టేషన్లో ఆగిందో గమనించలేదు. నల్లపాడులో నా ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను. అలాంటి రోజు ఎవరితోనైనా ఈ విషయం చెప్పుకుంటే బాగుండేది. పాత టెక్స్టుబుక్కులు దించుకుని కూర్చున్నాను. చదువుకునే రోజుల్లో పరీక్షకు రాదని దాటేసిన చరిత్ర అధ్యాయం ఆ వారమంతా చదివాను.

యూరప్ కొండలోయల్లో ఒకప్పుడు మీరాబీ లాంటివాళ్లు ఊరికి కొందరుండేవాళ్లట. అక్కడివాళ్లు ఒకసారి లోయలో చెడుగాలి వల్లన్నారు, ఒకసారి నీళ్లన్నారు, తల్లిదండ్రుల తాగుడన్నారు, పాపమన్నారు. నేలలో అయొడిన్ లేకపోవడం వల్ల ఈ గ్రంథి పనిచేయలేదని తేలడానికి తరాలు పట్టింది. తర్వాత ఇంకో కాలం వచ్చింది. బుద్ధి తక్కువతనం కుటుంబాల రక్తంలోనే ఉందని పెద్ద చదువులు చదివినవాళ్లు నమ్మి, అలాంటివాళ్లకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించిన దేశాలున్నాయి. నార్వేలో ఒక తల్లి, తన ఇద్దరు పిల్లల మూత్రానికి ఏదో వింత వాసన వస్తోందని ఏళ్ల తరబడి డాక్టర్ల చుట్టూ తిరిగింది. అందరూ కొట్టిపారేశారు. చివరికి ఒక డాక్టరు విని పరీక్షిస్తే, తిండిలో ఒక పదార్థాన్ని ఒంట్లో అరిగించుకోలేని జబ్బు బయటపడింది. ఇప్పుడు పుట్టిన పిల్లలకు ఆ పరీక్ష కూడా రెండు చుక్కల రక్తంతోనే చేస్తారు. ఆ తల్లి పిల్లలకు మాత్రం అది ఆలస్యమైపోయింది.

అందులో నన్ను ఆపేసింది ఒకటే. తెలియని ప్రతిసారీ ఎవరో ఒకరు ఏదో ఒక కారణం రాశారు. రాసిన ప్రతి కారణమూ చివరికి ఒక ఆడమనిషి ఇంటికే చేరింది. నేనేమో "తెలియదు" అని రాసి నిజాయితీగా ఉన్నాననుకున్నాను. వెతికి దొరక్కపోతే రాయాల్సిన మాట అది. నేను వెతకలేదు.

తర్వాతి వారం సైదాబీ వచ్చింది. గది తలుపు వేసి చెప్పాను. గ్రహణం కాదు, మేనరికం కాదు, పత్తి కాదు, మీరు చేసిందీ తిన్నదీ ఏదీ కాదు అని ముందు చెప్పాను. గ్రంథి సంగతి బొమ్మ గీసి చూపించాను. రోజూ పరగడుపున వేయాల్సిన మాత్ర చూపించాను. ఆవిడ మాత్రను అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఇంతేనా ఉండేది?"

"అంతేనండీ."

"పుట్టినప్పుడే ఇచ్చుంటే?"

ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. రైలులో దానికి మూడు నాలుగు మెత్తని జవాబులు సిద్ధం చేసుకున్నాను. ఆవిడ ముఖం చూశాక వాటిని పక్కన పెట్టేశాను.

"బాగుండేదండీ. మామూలు పిల్లలా పెరిగేది."

సైదాబీ మాత్రను తిరిగి బల్లమీద పెట్టింది. మీరాబీ తల్లి కొంగు అంచు పట్టుకుని వేళ్లకు చుట్టుకుంటూ కూర్చుంది. బయట చీటీలు పిలుస్తున్నారు.

"అయితే నేను ఏం చేసినందువల్లా కాదు," అంది చివరికి. "ఎవురూ చూడలేదు. అంతే గదా?"

"అంతేనండీ. నేనూ చూడలేదు. మూడేళ్ల కిందట మీరు వచ్చినప్పుడు నా ముందే కూర్చున్నారు. అప్పుడే నేను ఈ పరీక్ష రాసి ఉండాల్సింది. మూడేళ్లు ఈ అమ్మాయి చలిలోనే ఉంది."

ఆవిడ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆవిడ కాగితాలు ఒక్కొక్కటే మడిచి కవరులో పెట్టుకుని, "ఏ పూట వెయ్యమన్నారూ, పొద్దున్నేనా?" అని అడిగి లేచింది.

మాత్ర కొద్దికొద్దిగా పెంచుతూ పోయారు. ఆగస్టులో వచ్చినప్పుడు మీరాబీ ఒంటిమీద స్వెట్టర్ లేదు. పూలపూల గౌను, కాస్త తేటపడ్డ ముఖం. ఫారం బోర్డులో మాత్రం అవే నాలుగు ముక్కలు పెట్టింది. ఇంకో మార్పు వచ్చింది, దానికి నేను సిద్ధంగా లేను. ఇన్నేళ్లూ కూర్చోబెట్టిన చోట కూర్చున్న పిల్ల ఇప్పుడు కూర్చోవడం లేదు. చేను గట్టుమీద వదిలితే లేచి ఎటో నడిచిపోతోంది. అన్నం పెడితే తోసేస్తోంది.

"నిన్న నన్ను 'పో' అంది," అని చెప్పింది సైదాబీ. "ఇరవైమూడేళ్లు ఈ పిల్లతోనే మాట్లాడుకుంటా బతికానమ్మా. ఏం చెప్పినా కూచుని వినేది. ఇప్పుడు నేను మాట్లాడతంటే లేచిపోతంది."

ఒంట్లో చురుకు వస్తే అలాగే ఉంటుందని, కొన్నాళ్లకు సర్దుకుంటుందని చెప్పాను. అది నిజమే. కానీ ఆ ఇంట్లో ఉన్న ఆ ఒక్క తోడునూ మేమే లేపి పంపించామనిపించింది.

వెళ్లేముందు ఆవిడ ఒక కోరిక అడిగింది. "మా అత్త ఇంకా బతికే ఉంది. చిన్న మరిది దగ్గరుంటది. మీరొక్కసారి వచ్చి ఈ మాట ఆమెతో చెప్తారా? నేను చెప్తే చెల్లదు. మీరు డాట్టరు గదా."

నేను డాక్టర్ని కాదని చాలాసార్లు చెప్పాను. అది ఆవిడకు ముఖ్యం కాదు. మా ఉద్యోగంలో పేషెంట్ల ఇళ్లకు వెళ్లడం పద్ధతి కాదు. అయినా ఒక ఆదివారం వెళ్లాను.

అత్త పేరు మస్తానమ్మ. ఎనభై దాటి ఉంటాయి. వసారాలో నులకమంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మరిది భార్య మాకు నీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయింది. సైదాబీ మంచానికి దూరంగా, గుమ్మం పక్కన నేలమీద కూర్చుంది. తాను ఆ ఇంటి గడప తొక్కి పదకొండేళ్లయిందని దారిలో చెప్పింది. మీరాబీ వాకిట్లో కోళ్ల వెంట తిరుగుతోంది.

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, గట్టిగా, నెమ్మదిగా చెప్పాను. మీరాబీకి పుట్టుకతోనే మెడలో గ్రంథి లేదని, మందు ఇస్తున్నామని, తల్లి తప్పేమీ లేదని. ముసలావిడ బాగానే వింది. తల ఊపింది.

"పాపం పిల్ల," అంది.

"గ్రహణం వల్ల కాదమ్మా. సైదాబీ ఆ రోజు చేలోకి వెళ్లినందువల్ల ఇది జరగలేదు. ఆ మాట మీకు చెప్దామనే వచ్చాను."

మస్తానమ్మ నా వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది.

"ఏ గ్రహణం?"

సైదాబీ తలెత్తింది. "నువ్వే గదత్తా అన్నావు. నేను చేలో కొడవలి పట్టుకున్నానని. అందుకే పిల్ల ఇట్టా అయిందని."

"నేనా? నేనెందుకంటానే?" ముసలావిడ గొంతులో దాపరికం లేదు. నిజంగానే వెతుక్కుంటున్నట్టు నుదురు ముడిచింది. "ఎవురో అని ఉంటారు. నాకేం గుర్తు లేదు." వాకిలి వైపు చూసి, "బాజీ రాలేదా మీతో?" అని అడిగింది.

ఆవిడ కొడుకు బాజీ పోయి నాలుగేళ్లయింది. అత్త వాకిట్లో కోళ్ల వైపు చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి సైదాబీ లేచి, అత్త కాళ్ల దగ్గర జారిపోయిన దుప్పటి సర్ది, మీరాబీ చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

బస్సాగే చోటికి మైలు దూరం. మీరాబీ మాకంటే ముందు నడుస్తూ, ఆగుతూ, వెనక్కి చూస్తూ పోతోంది.

"ఆమెకి గుర్తే లేదంట," అంది సైదాబీ.

"వయసు అయిపోయింది కదండీ."

"అది కాదమ్మా. ఎప్పటి నుంచి గుర్తు లేదో అనుకుంటన్నా. అన్న మర్నాడే మర్చిపోయిందో ఏందో. ఇన్నేళ్లూ నేను ఆమె ముందుకు రాకుండా తిరిగా. ఆమె అసలు చూడనే లేదేమో." కొంచెం దూరం నడిచాక, "చెల్లెలికి చెప్పనులే. దానికీ గుర్తు లేదంటే నేను తట్టుకోలేను," అంది.

బస్సు వచ్చేదాకా నాతో నిలబడింది. ఆ తర్వాత ఆవిడను నేను ఒకే ఒక్కసారి చూశాను, శాశ్వత సర్టిఫికెట్ ఇచ్చిన రోజు. ఇక గడువు తీరేది లేదు కాబట్టి మా గదికి రావలసిన పనీ లేదు. మాత్రలు వాళ్ల ఊళ్లోనే ఇస్తారు. ఎలా ఉన్నారో కనుక్కోవాలని చాలాసార్లు అనుకున్నాను. ఫోను నంబరు మా ఫారంలో ఉంది గానీ చేయలేదు. చేస్తే ఆవిడ ఏమీ అనదని తెలుసు. అదే భయం.

ఆ కేసు తర్వాత నేను పని చేసే తీరు మారింది. పలక తీయడానికి ముందు చేయి పట్టుకుని చూస్తాను. పుట్టిన కొత్తలో ఎలా ఏడ్చేదని ప్రతి తల్లినీ అడుగుతాను. వాళ్లు "అసలు ఏడ్చేదే కాదండీ" అని సంతోషంగా చెప్తే, కలం చేతిలోకి తీసుకుంటాను. చీటీ రాస్తాను. చాలాసార్లు అంకె మామూలుగానే వస్తుంది. రెండుసార్లు రాలేదు. ఆ ఇద్దరిలో ఒకరికి అప్పటికి నలభై రోజులు. వాళ్ల అక్కను పరీక్ష కోసం అమ్మమ్మ తీసుకొస్తే, ఆమె ఒళ్లో నిద్రపోతున్న చెల్లెల్ని చూసి అడిగాను. ఆ పాప ఇప్పుడు బడికి వెళ్తోంది.

ఇంకొకటి కూడా నేర్చుకున్నాను, ఏ పుస్తకంలోనూ లేనిది. తల్లి గదిలోంచి లేచేముందు, అడిగినా అడక్కపోయినా, ఏది కారణం కాదో చెప్తాను. గ్రహణం కాదు, మీరు ఎత్తిన బరువు కాదు, మీరు పడిన కోపం కాదు అని. ఇంట్లోవాళ్లను పిలిచి చెప్దామని ఒకప్పుడు అనుకునేదాన్ని. ఇప్పుడు వాళ్ల కోసం ఆగను. తప్పు తల్లిదని అన్నవాళ్లు ఈపాటికి మర్చిపోయి ఉండొచ్చు. విన్న మనిషి మాత్రం నా ఎదురుగా కూర్చుని ఉంటుంది.